ప్రామిస్ చేసిందెవరు?

ఇంగ్లీషులో 'ప్రామిసింగ్' అని ఒక విశేషణం ఉంది. ఇప్పుడెలా ఉన్నా మున్ముందు బాగుపడే సూచనలున్నాయని దాని భావం. కుర్రాడు ప్రామిసింగ్, సినిమా మొదటి సగం ప్రామిసింగ్, ఆఖరికి పెళ్లిసంబంధం కూడా ప్రామిసింగే! తెలుగు చేసుకోకుండానే వాడేస్తున్నాం. 'ఆశాజనకం' అని ఒక మాట ఉన్నమాట నిజమే. రోగి పరిస్థితి ఆశాజనకంగా ఉందంటాం. కాని, "మీ అమ్మాయి ఆశాజనకంగా ఉందండీ" అంటే ఆ తల్లి కంగారు పడదూ? "పైకొచ్చే పిల్ల", "వృద్ధిలోకొచ్చే పిల్లాడు" - ఇవీ మన ఇళ్లలో వినిపించే మాటలు.

ఈ ఇంగ్లీషు మాటలో ఒక తమాషా ఉంది. ప్రామిస్ అంటే మాటివ్వడం. మరి ప్రామిసింగ్ అనిపించుకున్న పిల్ల ఎవరికి మాటిచ్చింది? పాపం, ఎవరికీ ఇవ్వలేదు. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకుంది, అంతే. పదేళ్ల తరవాత ఆ పిల్ల ఇల్లూ పిల్లలూ చూసుకుంటూ ఉంటే, "ఎంత ప్రామిసింగ్‌గా ఉండేదీ!" అని నిట్టూర్చేది మనమే. ఆ పిల్ల చదువు మాన్పించింది ఎవరో మాత్రం అడగం.

మా కురబలకోట రైతులు ఈ విషయంలో జాగ్రత్తపరులు. శెనక్కాయ పైరు పచ్చగా ఉన్నా, టమాటా తోట విరగకాసినా, "ఇప్పటికి బాగుంది" అంటారు. వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో, మదనపల్లె మార్కెట్లో ధర ఎప్పుడు పడిపోతుందో వాళ్లకు తెలుసు. పైరు సంగతే అలా ఉంటే, పసిపిల్లల మీద జోస్యాలకు మనకెందుకంత తొందర?

1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి సంగతే చూడండి. బళ్లో పంతుళ్ల లెక్కన ఆయన మందమతి. 1909లో అడయారులో లెడ్‌బీటర్ కంటబడగానే కాబోయే జగద్గురువు! 1911లో ఆయన పేర ఒక సంఘమే వెలిసింది. అంత పెద్ద 'ప్రామిసింగ్' ఇంకెవరి నెత్తిన పడి ఉంటుంది? 1929లో హాలెండులోని ఓమెన్‌లో ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశారు. తన తరఫున ఇతరులు చేసిన వాగ్దానాన్ని తిరిగి వాళ్లకే అప్పగించారన్నమాట. పంతుళ్ల జోస్యమూ తప్పింది, లెడ్‌బీటర్ జోస్యమూ తప్పింది. ఆయన స్థాపించిన రిషీ వ్యాలీ బడి మా కురబలకోట మండలంలోనే ఉంది. పిల్లల్ని ఒకరితో ఒకర్ని పోల్చవద్దన్నది ఆయన పదే పదే చెప్పిన మాట.

ఇక మన సాహిత్యంలోకి వస్తే, ఈ విశేషణానికి అచ్చంగా సరిపోయే మాట మన సమీక్షకులకు దొరికింది: 'వర్ధమాన'. మొదటి కథల పుస్తకానికి ఆ మాట ముద్దుగానే ఉంటుంది. కాని నాలుగు నవలలు రాసి, తల నెరిసినావిడ కూడా వర్ధమాన రచయిత్రేనా? ఆవిడ ఇంకెంత ఎత్తు పెరగాలి? నేను చదివే సమీక్షల్లో మగవారు త్వరగానే 'ప్రసిద్ధ' అయిపోతారు. ఆడవాళ్లు మాత్రం వర్ధమానంలోనే వానప్రస్థానికి చేరుకుంటారు.

నాకు తోచిన కారణం ఒకటి చెబుతాను. 'వర్ధమాన' అనేస్తే పుస్తకం గురించి ఏమీ చెప్పక్కర్లేదు. కూర రుచి చూడకుండానే "ఇంకా ఉడుకుతోంది లెండి" అని మూత పెట్టెయ్యడం లాంటిది. రుచి చూసి, ఉప్పు తగ్గిందనో, పోపు అదిరిందనో అంటేనే కదా వండినావిడకు ఉపయోగం? పాత్ర తేలిపోయిందనండి, ముగింపు తొందరపడిందనండి, పడతాం. మెచ్చుకోలు లాంటి ఆ వాయిదానే భరించలేం.

ఆకాశంలో మబ్బుల్ని ప్రామిసింగ్ అనుకోవచ్చు, అవి బాధపడవు. అమ్మాయి దగ్గర మాత్రం, ఈరోజు తను చేసిందేమిటో చూసి ఆ మాటే చెబుదాం. ఈ వ్యాసానికీ అదే వరస సుమండీ! బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. ప్రామిసింగ్‌గా ఉందని మాత్రం అనకండి.