రైతు ఏ పద్దు కింద వస్తాడు? - జాతీయ పురస్కారాలు, వ్యవసాయ డాక్యుమెంటరీలు

పురస్కారాల గురించి మాట్లాడేటప్పుడు ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్న చర్చే మనకు అలవాటు. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి వున్నది: ఏ పేరు మీద యిచ్చారు? గుమాస్తా ఖాతా పుస్తకంలో ముందు పద్దులు రాసుకొని, తరువాత వచ్చిన ప్రతి కాసునూ ఏదో ఒక పద్దు కింద వేస్తాడు. ప్రభుత్వమూ అంతే. ముందు పద్దులు ఏర్పరచి, వచ్చిన చిత్రాలను వాటి కింద సర్దుతుంది. పద్దు పేరు వట్టి పేరు కాదు. అది వస్తువు మీద ఒక అభిప్రాయం. వ్యవసాయం గురించి తీసిన డాక్యుమెంటరీ చిత్రాలకు జాతీయ పురస్కారాలలో దొరికిన పద్దులను పరిశీలిస్తే, వ్యవసాయమంటే ఏమిటని మన రాజ్యం అనుకుంటున్నదో తెలుస్తుంది. భూమి ఎవరిది, పంట ఎవరిది, అప్పు ఎవరిది అనే ప్రశ్నలకు ఆ ఖాతాలో సొంత పద్దు దొరకలేదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయం.

జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లో మొదలయ్యాయి. 1953 సంవత్సరపు చిత్రాలకు యిచ్చిన ఆ మొదటి బహుమతులలో డాక్యుమెంటరీకి రాష్ట్రపతి స్వర్ణపతకం 'మహాబలిపురం' అనే చిత్రానికి వచ్చింది. రెండు బిఘాల చెక్క నిలుపుకోవడానికి కలకత్తా వీధుల్లో రిక్షా లాగిన రైతు కథ, బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్', అదే ఏడు కథాచిత్రాలలో యోగ్యతాపత్రంతో సరిపెట్టుకున్నది. ఒక్క ఏడాది ఫలితాలను బట్టి సిద్ధాంతం చేయడం తొందరపాటే. అయినా రాతి శిల్పాన్ని చూపించడం డాక్యుమెంటరీ అనీ, రైతు భూమి పోగొట్టుకోవడం మాత్రం కథ అనీ ఒక విభజన ఆనాటి గాలిలోనే వున్నదనిపిస్తుంది.

ఆ గాలికి కారణం లేకపోలేదు. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ చిత్రాలను దశాబ్దాల పాటు సినిమాహాళ్లు ఆటకు ముందు విధిగా వేయవలసివుండేది. టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చున్న పల్లెటూరి ప్రేక్షకుడు తన వ్యవసాయాన్ని తెరమీద మొదట చూసినది ఆ చిత్రాలలోనే. ఆ సంస్థలో సమర్థులైన దర్శకులు లేరని కాదు, గొప్ప చిత్రాలు రాలేదనీ కాదు. కాని సామాన్యంగా ఆ వ్యవసాయ చిత్రాలలో కథానాయకులు కొత్త వంగడం, ఎరువు, ఆనకట్ట. రైతు వాటికి శిష్యుడు. అతను తలవూపుతాడు, మాట్లాడేది మాత్రం తెర వెనుకనుంచి వినిపించే గంభీరమైన గొంతు. ఆ గొంతుకు తెలియనిది లేదు, ఒక్క కౌలు రేటు తప్ప. ఇది కేవలం శిల్పలోపం కాదు. వ్యవసాయమంటే సాంకేతిక విషయం అనే దృక్పథంలోనుంచి పుట్టిన శిల్పమది. సాంకేతిక విషయమైనప్పుడు నేర్పేవాడొకడు, నేర్చుకునేవాడొకడు వుంటారు. దోచేవాడు, దోపిడికి గురయ్యేవాడు వుండరు.

1980ల నుంచి జాతీయ పురస్కారాలలో ఉత్తమ వ్యవసాయ చిత్రం అని విడిగా ఒక పద్దు వుండేది. తరువాతి కాలంలో అది పర్యావరణ చిత్రం పద్దులో కలిసి, "వ్యవసాయంతో సహా" అనే తోకగా మిగిలింది. నేల, నీరు, విత్తనం ప్రకృతిలోనివే కాబట్టి ఈ కలయికలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ప్రకృతిలో పట్టా వుండదు, వడ్డీ వుండదు, కమిషన్ కొట్టు వుండదు. వ్యవసాయాన్ని పర్యావరణంలో ఒక భాగం చేసినప్పుడు ఈ మూడూ ఎక్కడికి పోవాలి?

దీనికి జవాబు ఇద్దరు దర్శకుల అనుభవంలోనే దొరుకుతుంది. నందన్ సక్సేనా, కవితా బహల్ కలిసి తీసిన 'కాటన్ ఫర్ మై ష్రౌడ్', అంటే 'నా శవవస్త్రానికి పత్తి', విదర్భ పత్తి రైతుల ఆత్మహత్యల గురించినది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి విత్తనం, దాని వెంట పెరిగిన పెట్టుబడి, అప్పు, చావు - వీటి మధ్య లంకెను వెదికిన చిత్రమది. 2011 సంవత్సరపు పురస్కారాలలో దానికి ఉత్తమ పరిశోధనాత్మక చిత్రంగా బహుమతి వచ్చింది. తరువాత వారే పంజాబులో ఆత్మహత్య చేసుకున్న రైతుల భార్యల గురించి 'కాండిల్స్ ఇన్ ద విండ్' తీశారు. దానికి ప్రత్యేక ప్రశంస వచ్చింది. ఆపైన ఒడిశా కొంధుల అడవి తిండి గురించి 'ఐ కెనాట్ గివ్ యు మై ఫారెస్ట్' తీశారు. అప్పుడు మాత్రం "వ్యవసాయంతో సహా" వున్న పర్యావరణ పద్దులో బహుమతి దొరికింది. దర్శకులు వారే, దృక్పథమూ వారిదే. అడవిని చూపితే అది పర్యావరణం. పత్తిచేను అప్పును చూపితే అది పరిశోధన, నేరాన్ని ఆరా తీసినట్లు. విధవరాలి బతుకును చూపితే ప్రశంస. పత్తి రైతు చావు వ్యవసాయం పద్దు కిందికి రాలేదన్న మాట! న్యాయనిర్ణేతలను నేను తప్పుపట్టడం లేదు. వున్న గళ్లలో వారు ఎక్కడ సర్దగలిగితే అక్కడ సర్దారు. గళ్లు గీసిన చేతిని గురించే నా ఫిర్యాదు.

మన ప్రాంతానికి సంబంధించిన ఉదాహరణ కూడా వున్నది. రింటూ థామస్, సుష్మిత్ ఘోష్ తీసిన 'టింబక్టు' చిత్రానికి 2012 సంవత్సరానికి ఉత్తమ పర్యావరణ చిత్రం పురస్కారం వచ్చింది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోను, అప్పట్లో అనంతపురం జిల్లాలోను వున్న చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ చేస్తున్న కృషి దానికి వస్తువు. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకొని ఎండిపోయిన నేలమీద రైతులు రసాయనాలు మాని, పాత పంటలకు మళ్లడం అందులో విషయం. రాయలసీమను కరువు బొమ్మగా మాత్రమే చూపే అలవాటుకు అది మంచి జవాబు. ఆ చిత్రాన్ని గౌరవించవలసిందే. కాని అటువంటి చిత్రాన్ని పర్యావరణం పేరుతో సన్మానించినప్పుడు, చూసినవాడు ఏ భావంతో లేచి వెళతాడు? మంచి మనుషులు మంచి పద్ధతికి మళ్లితే నేల బాగుపడుతుందని. ఆ మళ్లడానికి కౌలుదారుకు వెసులుబాటు వున్నదా? చేను వచ్చే ఏడు తనదవుతుందో కాదో తెలియనివాడు నేలకు బలం ఎందుకు పోస్తాడు? ఈ ప్రశ్నను పర్యావరణమనే పద్దు అడగదు, అడగనవసరమూ లేదు.

పద్దులు సినిమాలనే కాదు, మనుషులనూ మింగుతాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ 1995 నుంచి రైతుల ఆత్మహత్యలను విడిగా లెక్కించింది. 2014 లెక్కల నుంచి రైతులను, వ్యవసాయ కూలీలను వేరుచేసి చూపడం మొదలుపెట్టింది. తన పేర పట్టా లేని స్త్రీ, జీవితమంతా పొలంలోనే వంగి పనిచేసినా, చచ్చిపోయాక రైతు పద్దులోకి రావడం కష్టమని పి. సాయినాథ్ వంటివారు ఎన్నిసార్లో రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో కౌలు రైతులకు గుర్తింపు కార్డుల కోసం ఒక చట్టమే చేయవలసివచ్చిందంటే, అంతవరకు చేను దున్నేవాడు కాగితం మీద రైతు కాడనే కదా అర్థం! రెవెన్యూ దస్త్రంలో లేనివాడు పతకాల పట్టికలోకి ఎలా వస్తాడు?

2024 ఆగస్టులో ప్రకటించిన డెబ్బయ్యవ పురస్కారాల నాటికి పద్దులను కుదించారు. వ్యవసాయం అనే తోక కూడా ఆ పట్టికలో లేదు. పరిశోధనాత్మక చిత్రం అన్న పేరూ లేదు. "సామాజిక, పర్యావరణ విలువలను పెంపొందించే చిత్రం" అని ఒక పద్దు వున్నది. సాంకేతిక విషయంగా మొదలైన వ్యవసాయం, ప్రకృతిగా మారి, చివరకు 'విలువ' అయింది. విలువలను పెంపొందించవచ్చు, గిట్టుబాటు ధరను పెంపొందించమని అడగడం వేరు సంగతి.

పాలకవర్గపు పతకాలతో మనకేమి పని అని కొందరు మిత్రులు అనవచ్చు. ఇది తేలికపాటి వాదన. రాజ్యం యిచ్చే పతకంలోనూ వైరుధ్యం వుంటుంది. రాజ్యం అనుమతించిన విత్తనాన్ని ప్రశ్నించిన చిత్రానికి రాజ్యమే బహుమతి యిచ్చింది. ఆ కమిటీలో కూర్చున్నవారి చిత్తశుద్ధిని మనం గుర్తించాలి. ఒకనాడు పరిస్థితి వేరు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' కథాచిత్రమే అయినా, జమీందార్లకు కోపం తెప్పించి కొన్నిచోట్ల నిషేధానికి గురయింది. నిషేధించినవాడు ఆ సినిమాను సరిగానే అర్థం చేసుకున్నాడు. నేడు నిషేధం బదులు పతకం వస్తే సంతోషమే. కాని పతకం ఇచ్చి బీరువాలో పెట్టడం కూడా ఒక పద్ధతి. ఆనంద్ పట్వర్ధన్ 'రామ్ కే నామ్' జాతీయ పురస్కారం పొందిన తరువాత కూడా దూరదర్శన్‌లో ప్రసారం కావడానికి న్యాయస్థానం దాకా వెళ్లవలసివచ్చింది. బహుమతి వేరు, ప్రదర్శన వేరు.

పద్దుల కోసం చూడని చిత్రాలు కూడా వున్నాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత రైతు స్త్రీలు కెమెరా పట్టడం నేర్చుకొని, వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపం వచ్చిందో 2003లో తామే చిత్రంగా తీశారు. అక్కడ ప్రశ్న అడిగేదీ రైతే, జవాబు చెప్పేదీ రైతే. గంభీరమైన గొంతుకు అందులో పని లేదు. వస్తువు మారితే శిల్పం మారుతుందని మనం సాహిత్యంలో ఎన్నేళ్లుగానో చెప్పుకుంటున్నాము. కెమెరా పట్టిన చెయ్యి మారితే వస్తువే మారుతుందని ఈ స్త్రీలు రుజువు చేశారు.

కాబట్టి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు నేను చేసే మనవి ఒక్కటే. పురస్కారం పొందిన వ్యవసాయ చిత్రాలను తెచ్చి కళాశాలలో వేయండి. వీలైతే ఊళ్లో రచ్చబండ దగ్గర కూడా వేయండి. దీపాలు వెలిగాక నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ చేను ఎవరి పేర వున్నది? దున్నుతున్నది ఎవరు? పంట ధర కట్టినవాడెవడు? వీటిలో దేనికి ఈ చిత్రం జవాబు చెప్పింది, దేన్ని దాటవేసింది? ఆ చర్చలో ఒక కౌలు రైతు లేచి "నా సంగతి యిందులో లేదేమండీ?" అని అడిగితే, అంతకు మించిన విమర్శ ఏ పత్రికలోనూ రాదు. ఆయన ప్రశ్నకు ఒక పద్దు ఏర్పడే దాకా ఈ ఖాతా తప్పులతడకగానే వుంటుంది.