డాక్టర్ స్టోరర్ వాదం: శాస్త్రమెంత? శాసనమెంత?

గర్భంలో శిశువు కదలిక తల్లికి తొలిసారి తెలిసేది సుమారు నాలుగైదు మాసాలకు. పూర్వపు ఇంగ్లీషు న్యాయసంప్రదాయంలో అంతకుముందు జరిగిన గర్భస్రావం నేరం కాదు. అమెరికా రాష్ట్రాలు మొదట దీనినే అనుసరించినవి. దానిని మార్చడానికి 1857లో పూనుకొన్నవాడు బోస్టన్ వైద్యుడు హొరేషియో స్టోరర్ (1830-1922).

ఆయన వాదంలో బలమైన భాగం పిండోత్పత్తిశాస్త్రానిది. 1827లో ఫాన్ బేయర్ క్షీరదాల అండాన్ని కనుగొన్నాడు. పిండం అండం నుండి ఎడతెగకుండా పెరుగుతూ వస్తుంది. శిశువు ఎన్నో వారాల ముందునుంచే కదులుతూ ఉంటుంది. ఆ సంగతి తల్లికి తెలియడమే ఆలస్యం. కనుక ఆ హద్దు ప్రకృతి పెట్టినది కాదన్నాడు స్టోరర్. నిజమే, నేటి శాస్త్రమూ కాదనదు.

అయితే ఒక హద్దు తప్పని చూపినంతమాత్రాన సరియైన హద్దు ఏదో తేలదు. పిండం పెరిగే తీరును సూక్ష్మదర్శిని చూపగలదు. ఎవరిని శిక్షించాలో చూపలేదు. ఈ ఖాళీని స్టోరర్ వేరే సరుకుతో నింపినాడు. స్త్రీల కోసం 1866లో వెలువరించిన ‘వై నాట్?’ అనే చిన్న పుస్తకంలో, పశ్చిమ భూములు పరదేశీయుల సంతానంతో నిండిపోతాయేమోనని భయపెడతాడు. గర్భిణి తన విషయం తాను నిర్ణయించుకోగల మనఃస్థితిలో ఉండదంటాడు. ఇవి పిండోత్పత్తిశాస్త్రంలో ఏ అధ్యాయంలో ఉన్నవో!

స్త్రీవైద్యానికి ఆయన చేసిన సేవ తక్కువది కాదు. ఎడింబరోలో సింప్సన్ వద్ద శిక్షణ పొంది, 1869లో బోస్టన్‌లో స్త్రీరోగ వైద్యులకు సంఘం స్థాపించినాడు. కాని ఋతుధర్మం మూలాన స్త్రీలు శస్త్రచికిత్సకు తగరని వాదించినవాడూ ఆయనే. అదీ, స్త్రీవైద్యులు నడిపే ఆసుపత్రిలో కొన్నేళ్ళు పనిచేసి, 1866లో రాజీనామా ఇస్తూ!

ఆయన నాయకత్వాన తయారైన నివేదికను అమెరికన్ వైద్యసంఘం 1859లో ఆమోదించింది. 1880 ప్రాంతానికి దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ నిషేధచట్టాలు వచ్చినవి. 1973లో సుప్రీంకోర్టు ‘రో’ తీర్పుతో అటువంటి చట్టాలను కొట్టివేసింది. 2022లో ‘డాబ్స్’ తీర్పు ‘రో’ను రద్దు చేస్తూ, ఆ పాత చట్టాలనే చారిత్రక సాక్ష్యంగా గ్రహించింది. ఒక ప్రచారకుని ఉద్దేశాలను శాసనసభ్యులందరికీ అంటగట్టరాదన్నది. న్యాయదృష్టికి ఇది సబబుగానే తోచవచ్చు. కాని ఆ సభలకు వైద్యసంఘం పేర వెళ్ళిన విజ్ఞప్తి వెనుక ఉన్నది ఆ ఒక్కడే.