సర్వరుతో పులిజూదము

సాఫ్ట్‌వేర్ టెస్టింగనునది ముందుగా వ్రాసిపెట్టుకొన్న మెట్లను వరుసగా నడిపి, వచ్చిన ఫలమును రావలసిన ఫలముతో సరిచూచుటయే యని మా వృత్తిలో పలువురు నేటికిని తలంతురు. ప్రోగ్రామ్ ఒకే ప్రశ్నకు ఎల్లవేళల ఒకే సమాధానము చెప్పునదైనచో ఆ తలంపున దోషము లేదు. దాని స్థితులను, వానిమధ్యనున్న బాటలను మోడల్‌గా గీసి, బాటలన్నిటిని తక్కువ నడకతో చుట్టివచ్చు మార్గమును లెక్కించిన చాలును.

కాని సర్వరు అంత సాధువు కాదు. ఫైలు తెరువుమని కోరగా తెరవవచ్చును, తీరిక లేదు మరల రమ్మనవచ్చును. రెండును నియమబద్ధములే, ఎన్నిక మాత్రము నాది కాదు. వ్రాసిపెట్టిన వరుస అచ్చటనే తెగును; తప్పు వరుసదైనను రిపోర్టులో ఎర్రగీత సర్వరుమీదనే పడును. పులిజూదమాడువానికి వలెనే, ఎదిరి యే ఎత్తు వేసినను బదులు చెప్పగల వ్యూహము మాకును కావలెను. 2004లో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు మిహాలిస్ యన్నకాకిస్ టెస్టింగునకు ఆటలకు గల బంధుత్వమును వివరించెను. ఆ యేటనే మైక్రోసాఫ్ట్ పరిశోధకులు లెవ్ నాఖ్మన్సన్ ప్రభృతులు అట్టి వ్యూహములను మోడల్‌నుండి లెక్కించు పద్ధతులను ప్రకటించిరి.

లెక్క గమ్యమునుండి వెనుకకు నడచును. ఒకరు తెరచియుంచిన ఫైలును రెండవ యూజరు కోరగా నిరాకరణ వచ్చు స్థితి నా గమ్యమనుకొందము. దానికి గుర్తు పెట్టుదును. ఎత్తు నాదియైన స్థితినుండి గుర్తుపడిన చోటికి ఒక్క బాటయున్నను దానికిని గుర్తు పడును. ఎత్తు సర్వరుదైనచో దాని బాటలన్నియు గుర్తుపడిన చోట్లకే చేరవలెను. ఆరంభస్థితివరకు గుర్తు ప్రాకెనా, గెలుపు నాదే.

తరచుగా ప్రాకదు. సర్వరు ఎల్లకాలము తీరిక లేదనుచుండిన నేనేమి చేయుదును? అయితే దానికి నామీద పగ లేదుగదా! అందుచే దానిని పాచికలు వేయు ప్రకృతిగా నెంచి సంభావ్యతలు కట్టినవారు కలరు. డెన్మార్కులోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయమున కిమ్ లార్సెన్ బృందము, గెలుపు నిశ్చయము కానిచోట యంత్రము సహకరించునను ఆశతో సాగు టెస్టులను 2008లో ప్రతిపాదించెను.

నేను మాత్రము మొదట శత్రువుగానే ఎంచి ఆడుదును. గుర్తు ఎచ్చట ఆగెనో ఆ స్థితిని పట్టుకొని డిజైనరు కడకు పోయి, “ఇది ఎన్నిమార్లు తీరిక లేదనవచ్చునండీ?” అని అడుగుదును. స్పెసిఫికేషన్‌లో ఆ సంఖ్య ఉండదు. మూడని ఆయన నిర్ణయించిననాడు మోడల్‌లో ఒక లెక్కింపు చేరును, గుర్తు ఆరంభమువరకు పోవును; నాలుగవమారును సర్వరు అదే మాట చెప్పెనా, అప్పటి ఎర్రగీత న్యాయముగా దానిదే.