ఫొటో దిగాక ఇంకాసేపు

చుట్టాలొస్తే ఆర్కే బీచ్‌కు తీసుకెళ్లడం మా విశాఖ వాళ్లకు అలవాటు. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర ఓ ఫొటో దిగి, మురీ మిక్చర్ బండి వైపు నడిచేస్తాం. అక్కడ రాసి ఉన్నది చదివేవాళ్లు తక్కువ. నన్నడిగితే, ఆ స్తూపం అర్థం కావాలంటే ముందు కురుసుర ఎక్కాలి.

ఈ జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరింది. 71 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో సెలవు తీసుకుంటే, మరుసటేడు ఒడ్డుకు లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసిందే. గైడ్లు నేవీలో రిటైరైనవాళ్లు. టార్పెడోల సంగతి ఎలాగూ చెబుతారు. నేనైతే పడకెక్కడ, వంటెక్కడ, మంచినీళ్లు ఎలా సరిపెట్టుకునేవారు అని అడుగుతాను. అసలు కబుర్లు అప్పుడు గానీ బయటికి రావు.

ఆ ఇరుకులో నిలబడితే నాకు ఘాజీ గుర్తొస్తుంది. 1971 డిసెంబరు 3 రాత్రి తెల్లారేలోగా మన రేవు ముంగిట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి అది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలకు పేలిందని మన నౌకాదళం అంటుంది. కాదు, ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. ఎవరి మాట నిజమైనా, లోపలున్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు. విజయస్తూపం ఈ తగువులోకి దిగదు, దిగనక్కర్లేదు కూడా. ఆ పని ఊరి చరిత్ర పట్టించుకునేవాళ్లది.

అలాంటివాళ్లు మనకున్నారు. వారసత్వ కట్టడాలను కాపాడాలని పనిచేసే ఇంటాక్ సంస్థ విశాఖ శాఖ పాత ఊళ్లో హెరిటేజ్ వాక్‌లు నడుపుతుంది. వీలైతే ఒకసారి వెళ్లండి. 1971 కన్నా ముందే మరో యుద్ధం ఈ ఊరిని తాకింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు పోయారు. బీచ్‌లో ఇసుక కోతపడినప్పుడు బయటపడే కాంక్రీటు పిల్‌బాక్సు, అంటే తుపాకులతో కాపలా కాసే చిన్న గది, ఆ యుద్ధకాలానిదే. దాన్ని ఆనుకుని సెల్ఫీ దిగేవాళ్లలో అదేమిటో ఎందరికి తెలుసు? 1971 జ్ఞాపకానికి నౌకాదళం అండ ఉంది. 1942కి ఊరే దిక్కు.

ఆ జ్ఞాపకాన్ని నిలబెట్టడానికి ఇంటాక్‌కు చందా కట్టడం మంచిదే. అంతకన్నా కావలసినవి మన ఇళ్లలో ఉన్నాయి. ఆనాడు అమ్మ చెయ్యి పట్టుకుని ఊరు విడిచిన పిల్లలకు ఇప్పుడు తొంభై దాటుతోంది. మీ ఇంట్లో అలాంటి తాతో మామ్మో ఉంటే, ఎదురుగా కూర్చుని ఆ కబుర్లు ఫోన్లో రికార్డు చేయండి. పాత ఫొటోలు, ఉత్తరాలు ఉంటే నకళ్లు తీయించి ఇంటాక్ వాళ్లకివ్వండి. వచ్చే సెలవులకు వాయిదా వేయకండి.