ఏ పడవకెంత తెరచాప

పంజగుట్ట చౌరస్తా నుంచి రాజ్‌భవన్ రోడ్డు పట్టుకుని ఖైరతాబాద్ దాటినా, అమీర్‌పేట నుంచి బేగంపేట మీదుగా సంజీవయ్య పార్కు వైపు తిరిగినా ఎదురయ్యేది హుస్సేన్‌సాగరే. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన చెరువిది. నైరుతి గాలి ఊపందుకునే వానాకాలంలో దీని మీద తెరచాపలు బారులు తీరతాయి. సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇక్కడి తెరచాప పడవలకు ఆలవాలం. హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా లాంటి పోటీలకు వేరే రాష్ట్రాల నుంచి కూడా సెయిలర్లు వస్తారు.

నెక్లెస్ రోడ్డు మీద నుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికెళితే తేడాలు తెలుస్తాయి. ముక్కు తెగ్గోసినట్టుండి, నాలుగు మూలల చాపతో నడిచేది ఆప్టిమిస్ట్, పిల్లల పడవ. సన్నగా, బల్లపరుపుగా, ఒకే చాపతో, ఒకే మనిషితో పోయేది లేజర్. రెండు చాపలు, ఇద్దరు మనుషులు, అందులో ఒకరు తీగకు వేలాడుతూ పడవ బయటికి వాలి కనిపిస్తే అది 420 గానీ 470 గానీ అయి ఉంటుంది. వీటిలో ఏది మంచిదని కొత్తగా పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు. పడవల రూపశిల్పులు నూటయాభై ఏళ్లుగా ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు వెతుకుతున్నారు. ఆ అంకెలు చదవడం వస్తే, ఏ పడవను ఎవరి కోసం, ఏ నీళ్ల కోసం కట్టారో అర్థమవుతుంది.

పొడవు పెట్టే హద్దు

మొదటి లెక్క వేగానిది. ఇంగ్లండ్‌కు చెందిన ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1860ల్లో చిన్న నమూనా పడవలను నీటిలో లాగి పరీక్షించాడు. 1872లో టార్కీలో ప్రత్యేకంగా ఒక తొట్టి కట్టించి మరీ ఆ పని కొనసాగించాడు. పడవ ముందుకు పోతుంటే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవు పెరుగుతుంది. అల పొడవు, నీటిని తాకి ఉన్న పడవ పొడవు సమానమయ్యాక, పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఎంత గాలి వీచినా వేగం పెద్దగా పెరగదు.

ఈ హద్దును తేలిగ్గా లెక్కగట్టవచ్చు. నీటిని తాకే పొడవును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.5తో హెచ్చిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఆప్టిమిస్ట్‌కు ఆ పొడవు 2.2 మీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి హద్దు 6.6 కిలోమీటర్లు. లేజర్‌కు 3.81 మీటర్లు, హద్దు 8.8 కిలోమీటర్లు.

అయితే గట్టి గాలిలో లేజర్ ఈ హద్దును దాటేస్తుంది. అది తేలిక, అడుగు చదును. తగినంత బలం దొరికితే నీటిని చీల్చడం మానేసి, ముక్కు పైకెత్తి నీటి మీద జారుతుంది. బరువైన పడవకు ఆ వీలు లేదు. అందుకే వేగం గురించి మాట్లాడాలంటే పొడవు తెలిస్తే చాలదు, బరువూ తెలియాలి.

బరువుకు తగ్గ చాప

రెండో లెక్క అన్నిటికన్నా ముఖ్యమైనది. గాలిని పట్టే చాప వైశాల్యం ఎంత, అది మోయాల్సిన బరువెంత? నేరుగా ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే చిక్కొస్తుంది. వైశాల్యం చదరాల్లో పెరిగితే బరువు ఘనాల్లో పెరుగుతుంది. ఆ లెక్కన ప్రతి చిన్న పడవా పెద్ద పడవ కంటే గొప్పగానే కనిపిస్తుంది. కాబట్టి పడవ పక్కకు నెట్టే నీటి పరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని, దానికి ఘనమూలం కట్టి, ఆ వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, చాప వైశాల్యాన్ని దానితో భాగిస్తారు. సముద్రంలో తీరిగ్గా ప్రయాణించే పడవలకు ఈ నిష్పత్తి 14 నుంచి 18 మధ్య ఉంటుంది. 20 దాటితే పందెపు పడవల వైపు మొగ్గినట్టు.

లేజర్‌తో చేసి చూద్దాం. పడవ బరువు 59 కిలోలు, చాప 7.06 చదరపు మీటర్లు. 80 కిలోల మనిషి ఎక్కాడనుకుందాం. చాప కట్టే కొయ్య, తాళ్ల బరువు వదిలేస్తే మొత్తం 139 కిలోలు, అంటే 0.139 ఘనపు మీటర్ల నీరు. ఘనమూలం 0.518. దాన్ని దానితోనే హెచ్చిస్తే 0.268. 7.06ను దీనితో భాగిస్తే 26.3 వస్తుంది.

ఇప్పుడు 80 కిలోల మనిషి దిగి, 55 కిలోల అమ్మాయి ఎక్కిందనుకోండి. అదే పడవ, అదే చాప, కానీ నిష్పత్తి 30కి చేరింది. సముద్రపు పడవల్లో ఒక మనిషి బరువు లెక్కలోకి రాదు. హుస్సేన్‌సాగర్ మీద తిరిగే పడవల్లో మాత్రం మనిషి బరువు దాదాపు పడవంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఇక్కడ ఎక్కినవాళ్ల బరువు చెప్పకుండా పడవ నిష్పత్తి చెబితే అది సగం మాటే.

30 అంటే 26 కన్నా మేలే కదా అనిపిస్తుంది. పల్చటి గాలిలో నిజంగానే మేలు. గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. అప్పుడు పడవ ఒరిగిపోకుండా అంచు మీద కూర్చుని, నడుము బయటికి వాల్చి, ఒంటి బరువుతో దాన్ని నిలబెట్టాలి. 55 కిలోలతో 7.06 చదరపు మీటర్ల చాపను గట్టి గాలిలో అదుపులో ఉంచడం కష్టం. పెద్ద నిష్పత్తి ఎంత వేగాన్ని ఇస్తుందో, అంత బలాన్నీ అడుగుతుంది.

ఈ చిక్కును విప్పడానికి పడవను మార్చలేదు, చాపను మార్చారు. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ 1969లో గీసిన ఈ లేజర్ పడవకు ఇప్పుడు మూడు చాపలున్నాయి. 2019 నుంచి వీటిని ఐఎల్‌సీఏ 7, 6, 4 అంటున్నారు. వైశాల్యాలు వరుసగా 7.06, 5.76, 4.7 చదరపు మీటర్లు. 65 కిలోల సెయిలర్‌కు ఐఎల్‌సీఏ 6 ఇస్తే నిష్పత్తి 23.2. 55 కిలోల సెయిలర్‌కు ఐఎల్‌సీఏ 4 ఇస్తే 20. అంతకు ముందు మెట్టు ఆప్టిమిస్ట్. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో పిల్లల కోసం చౌకగా ప్లైవుడ్‌తో చేసుకునేలా గీశాడు. 35 కిలోల పడవ, 3.3 చదరపు మీటర్ల చాప, 40 కిలోల పిల్లవాడు అనుకుంటే నిష్పత్తి 18.6.

వరుసగా చూడండి: 18.6, 20, 23.2, 26.3. ఇద్దరు ఎక్కే 420లో 80 కిలోల పడవ, 120 కిలోల జట్టు, 10.25 చదరపు మీటర్ల చాపలు లెక్కిస్తే 30 వస్తుంది. అక్కడ ఆ అదనపు బలాన్ని తీగకు వేలాడే మనిషి కాచుకుంటాడు. పిల్లలు ఎదుగుతున్నకొద్దీ ఒక్కో మెట్టు ఎక్కించే శిక్షణ క్రమమంతా ఈ అంకెల్లోనే ఉంది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది ఐఎల్‌సీఏ 4లో, విష్ణు శరవణన్ కాంస్యం గెలిచింది ఐఎల్‌సీఏ 7లో. పడవ ఒక్కటే, చాపలు వేరు.

బోల్తా పడే లెక్క

1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ అనే సముద్రపు పడవల పందెం తుపానులో చిక్కుకుని 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ విషాదం తర్వాత అమెరికాలో ఒక కొత్త కొలత పుట్టింది. పడవ వెడల్పును, అది నెట్టే నీటి పరిమాణపు ఘనమూలంతో భాగిస్తారు. 2 కన్నా తక్కువ వస్తే నడిసముద్రానికి పనికొస్తుందని, ఎక్కువైతే తలకిందులై అలాగే ఉండిపోయే ప్రమాదముందని స్థూలంగా అంచనా.

లేజర్ వెడల్పు 1.37 మీటర్లు. దాన్ని 0.518తో భాగిస్తే 2.6. పరీక్షలో తప్పినట్టే! కానీ చెరువు మీద లేజర్ బోల్తా పడటం రోజూ జరిగేదే. సెయిలర్ పడవ అడుగు నుంచి నీటిలోకి దిగే పలక, అంటే డాగర్‌బోర్డ్ మీద నిలబడి దాన్ని మళ్లీ లేపుతాడు. అది శిక్షణలో మొదటి పాఠాల్లో ఒకటి. భూమిని చుట్టిరావాల్సిన పడవకు అలాంటి వెసులుబాటు ఉండదు.

భారత నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్‌వీ తరిణిని చూడండి. గోవాలో కట్టిన ఈ పడవ మీద ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబర్ 10న బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. తరిణి వెడల్పు సుమారు 5 మీటర్లు, బరువు సుమారు 23 టన్నులు. పై లెక్కలో 1.8 లోపే వస్తుంది.

వేగం కూడా చూద్దాం. తరిణి నీటి పొడవు 16 మీటర్లనుకుంటే వేగానికి హద్దు 18 కిలోమీటర్లు. ఆ యాత్రలో 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40,000 కిలోమీటర్లు, 199 రోజుల సముద్ర ప్రయాణంలో పూర్తయ్యాయి. సగటు వేగం గంటకు 8.4 కిలోమీటర్లు. లేజర్ జారకుండా చేరుకోగల హద్దు కన్నా అది తక్కువే. రాత్రింబవళ్లు, గాలి లేనప్పుడూ తుపాను రేగినప్పుడూ నెలల తరబడి ఆగకుండా పోవడమే తరిణి పని. ఆ పని కోసం కట్టిన పడవను వేగంతో మాత్రమే తూచితే దానికి అన్యాయం చేసినట్టే.

కాలాన్ని సర్దే అంకె

వేర్వేరు పడవలు ఒకే పందెంలో దిగితే? బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్ ప్రకటించే పోర్ట్స్‌మత్ అంకెలు ఈ పనికే ఉన్నాయి. వాటిని పొడవు, బరువుల నుంచి రాబట్టరు, క్లబ్బుల పందెపు ఫలితాల నుంచి తీస్తారు. ఏటా కొద్దిగా సవరిస్తారు. పడవకు పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చించి, దాని అంకెతో భాగించాలి. లేజర్ అంకె సుమారు 1,100, ఆప్టిమిస్ట్‌ది సుమారు 1,640. లేజర్ 55 నిమిషాల్లో, ఆప్టిమిస్ట్ 82 నిమిషాల్లో ముగిస్తే రెండూ 50 దగ్గర సమానమవుతాయి. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) ఒక పూట పేపరు తేలిగ్గా, ఇంకో పూట పేపరు కష్టంగా వచ్చినప్పుడు మార్కుల్ని నార్మలైజ్ చేస్తారని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇదీ అలాంటిదే. చిన్న పడవలో చక్కగా నడిపిన పిల్లకు పెద్ద పడవ వాళ్లతో సమానంగా నిలిచే హక్కు ఇస్తుంది.

ఈ సర్దుబాటు కూడా సగటు మీద కట్టిందే. పల్చటి గాలిలో ఒక పడవకు, గట్టి గాలిలో మరో పడవకు మొగ్గు చూపుతుంది. అందుకే పెద్ద పోటీల్లో ఒకే నమూనా పడవల్ని విడిగా పోటీకి దింపుతారు. లెక్క అక్కర్లేదు, ముందు చేరినవాళ్లే విజేతలు.

అంకెలకు దొరకనివి ఇంకా చాలా ఉన్నాయి. చాప ఎంత పాతబడింది, కొయ్య ఎంత వంగుతుంది, అడుగున ఎన్ని గీతలు పడ్డాయి, ఒడ్డున ఉన్న భవనాల మీద నుంచి దిగే గాలి ఎప్పుడు దిశ మార్చుకుంటుంది లాంటివి ఏ నిష్పత్తిలోనూ కనిపించవు. అవి చూడాలంటే నీటి మీదికి వెళ్లాల్సిందే. కానీ నీటి మీదికి వెళ్లే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు ఈ లెక్కలు నేర్పుతాయి: ఎక్కేవారి బరువెంత, ఎదురయ్యే గాలి ఎంత, బోల్తా పడితే ఎవరు లేపుతారు? ఈ మూడింటికీ జవాబు తెలిసినవారికి ఏది మంచి పడవని మరొకరిని అడగాల్సిన పని ఉండదు.