ఎనిమిదో షెడ్యూలుకు అవతలి మాట

ప్రసార సాధనాల మీద పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు ముమ్మరంగా సాగుతోంది. డిజిటల్ వేదికల్ని ప్రభుత్వం ఎంతవరకు అదుపు చెయ్యాలి, కంపెనీల్ని వాటి ఇష్టానికి వదిలెయ్యవచ్చునా, భావప్రకటనా స్వేచ్ఛకు హద్దు ఎక్కడ అనే ప్రశ్నల మీద సిద్ధాంత గ్రంథాలు వస్తున్నాయి, సదస్సులు జరుగుతున్నాయి. ఈ చర్చను తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివెయ్యకపోయి ఉంటే ఒక వ్యంగ్య చిత్రాన్ని ఫోనులో పంచుకోవడానికి కూడా రచయితలు జంకుతూ ఉండేవారు. అయితే ఈ చర్చ అంతా ఒక విషయం ముందే తేలిపోయిందనుకుని మొదలవుతోంది. మాట్లాడేవాడి భాష నియంత్రించేవాడికీ పరిశోధించేవాడికీ తెలుసుననే నమ్మకం అది. ఖమ్మం, కొత్తగూడెం దాటి, భద్రాచలం అవతల దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుకు వెళితే ఆ నమ్మకం నిలవదు.

సాహిత్య విమర్శకులం గనుక మనకు చేతనైన పని చేద్దాం. చట్టాన్ని కూడా ఒక రచనగా చదువుదాం. ఏ రచననైనా ఎవరు, ఎవరిని ఉద్దేశించి చెబుతున్నారని అడుగుతాం గదా! 2021 ఫిబ్రవరి 25న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమావళి ప్రకారం వాట్సాప్, ఫేస్‌బుక్ వంటి సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్టు ఆయన 24 గంటల్లో చెప్పాలి, తేల్చడానికి అప్పట్లో పెట్టిన గడువు 15 రోజులు. 2022 అక్టోబర్ 28న వచ్చిన సవరణ మరో అడుగు ముందుకు వేసింది. సంస్థ తన షరతుల్ని ఇంగ్లీషులోగాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగాని, వాడకందారు కోరుకున్న భాషలో తెలియజెయ్యాలన్నది. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా మన అంగీకారం అడిగే కాగితానికి ఇదే భాషా నియమం పెట్టింది.

పైకి ఎంతో ప్రజాస్వామికంగా ఉంది. ఇంగ్లీషు రాని తెలుగువాడికి తెలుగులో చెప్పమంటోంది, ఇరవై రెండు భాషల్ని గుర్తిస్తోంది. కాని ఆ ఇరవై రెండింటిలో కోయ లేదు, గోండీ లేదు. 2011 జనాభా లెక్కల్లో కోయ మాతృభాషగా రాయించుకున్నవారు 4 లక్షల పైచిలుకు, గోండీ 29 లక్షల పైచిలుకు. అవే లెక్కల్లో సంస్కృతం మాతృభాష అన్నవారు 24,821 మంది. సంస్కృతం షెడ్యూలులో ఉంది. (సంస్కృతం మీద నాకు పగేమీ లేదు. కాని ఆ భాషలో షరతులు చదివి ‘అంగీకరిస్తున్నాను’ అని మీట నొక్కేవాడు ఎక్కడున్నాడో చూడాలని ఉంది.) సంతాలీ, బోడో భాషలు 2003లో 92వ సవరణతో షెడ్యూలుకు ఎక్కాయంటే వాటి వెనక దశాబ్దాల ఉద్యమాలున్నాయి. కనుక ఇది భాష గొప్పతనానికి సంబంధించిన జాబితా కాదు, రాజకీయ బలాబలాల జాబితా. దాన్ని యథాతథంగా తెచ్చి కొత్త సాధనాలకు అతికించారు. మన పరిశోధకులు ఆ అతుకును చూడకుండా దాటిపోతున్నారు.

దీని ఫలితం రెండు వైపులా ఉంటుంది. చర్ల సంతలో యువకుల చేతుల్లో ఫోన్లు నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళు రాయరు, గొంతు రికార్డు చేసి పంపుకుంటారు. పంపేది కోయలో. ఆ గొంతులో ఎవరినైనా అపవాదు పాలు చేస్తే బాధితుడు తన మాటలో ఫిర్యాదు చెయ్యడానికి దారి లేదు. ఫిర్యాదు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి పంపించాలి, అంటే చదువుకున్న మరొకడి కాళ్ళు పట్టుకోవాలి. ఇక 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దండకారణ్యం నుంచి పారిపోయి వచ్చి ఈ అడవుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల సంగతి వేరే చెప్పాలా? 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం చెల్లదన్నది గాని, వచ్చినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. వాళ్ళకు ఇక్కడి తెలుగూ పరాయిదే, అక్కడి హిందీ పరాయిదే. గుర్తింపు కాగితం లేనివాడికి తన పేర సిమ్ కార్డు కూడా రాదు. వాడకందారుడి హక్కులన్నీ వాడకందారుడయ్యాక గదా!

‘ప్రజలకు సమాచారం’ అనే మాట ఈ ప్రాంతంలో నీటి మట్టంతో కొలవదగ్గది. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో నది 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలై 16న 71.3 అడుగులు దాకా లేచింది. పట్టణంలోని వాడికి 53 అన్న అంకె చాలు, ఏ వీధిదాకా నీళ్ళొస్తాయో అతనికి తెలుసు. వాగుల అవతలి గూడెంలో అదే అంకెకు అర్థం ఎవరో విప్పి చెప్పాలి. ఆ వరద తగ్గుతున్న రోజుల్లో, జూలై 17న, అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు భద్రాచలంలోనే మాట్లాడుతూ, మేఘాలు బద్దలు కావడం వెనక విదేశాల కుట్ర ఉందని అంటున్నారని, ఎంతవరకు నిజమో తెలియదని అన్నారు. పుకార్లు ప్రాణాలు తీస్తున్నాయని 2018 జూలైలో వాట్సాప్ ఒక కబురును ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. అధికార పీఠం మీది నుంచి వచ్చే పుకారుకు ఏ అయిదు అడ్డం? తప్పుడు సమాచారాన్ని గురించి రాసే పరిశోధనల్లో అనుమానితుడు దాదాపు ఎప్పుడూ గూడెం కుర్రవాడే కావడం యాదృచ్ఛికం కాదు.

దీనికి ఒక చరిత్ర ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం అరువు తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చూపించారు. పల్లె వినవలసింది, మారవలసింది. చెప్పేవాడు ఎక్కడో పైన ఉంటాడు. లెర్నర్, ష్రామ్ వంటి అమెరికన్ పండితుల అభివృద్ధి సిద్ధాంతం మన ప్రసార శాస్త్రానికి పునాది పాఠమైంది. సాధనం మారింది, ఉపగ్రహం పోయి ఫోను వచ్చింది. కాని ప్రశ్నావళి మారలేదు. ఇప్పటికీ ‘మీకు ఈ పథకం గురించి తెలుసా?’ అనే అడుగుతున్నారు. ‘మీరు చెప్పింది ఎవరైనా విన్నారా?’ అని అడగడం లేదు.

ఈ విషయంలో మన రచయితలు మాత్రం పరిశోధకులకంటే మెరుగని చెప్పలేను. మన కథల్లో కోయ పాత్ర వచ్చీరాని తెలుగులో మాట్లాడుతుంది, లేదా రచయిత తెలుగులో ధారాళంగా ఉపన్యసిస్తుంది. అతను తన భాషలో మహావక్త కావచ్చుననే స్పృహ పాఠకుడికి కలగదు. ఆదివాసి మనకు వస్తువయ్యాడు, మన పత్రికలకు పాఠకుడూ కాలేదు, రచయితా కాలేదు.

చెయ్యగలిగినవారు లేకపోలేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో స్టూడియో 1998లోనే సిద్ధమైంది. లైసెన్సు వచ్చింది 2008లో. ఆ పదేళ్ళూ వాళ్ళు టేపుల్లో రికార్డు చేసి ఊరి సంఘాల్లో వినిపించారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది సుమా! లైసెన్సు వచ్చాక కూడా సమాజ రేడియో ఆకాశవాణి ఇచ్చిన వార్తలు తప్ప సొంత వార్తలు ప్రసారం చెయ్యరాదు. పోలవరం కోసం 2014లో ఏడు మండలాల్ని ఖమ్మం జిల్లా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ కూనవరం మనిషి తన పునరావాసం డబ్బు ఏదని రేడియోలో అడిగితే అది వార్తా, కాదా? ఛత్తీస్‌గఢ్‌లో 2010లో శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఈ చిక్కును తప్పించుకుంది. అది ఫోనుతో నడుస్తుంది, చదువు అక్కర్లేదు. గోండీలో చెబితే రికార్డవుతుంది, సంపాదకుడు విని విడుదల చేస్తాడు, మిగతావారు ఫోను చేసి వింటారు. అందులోనూ వడపోత ఉంది. కాని వడపోసేవాడు ఆ భాష విన్న మనిషి.

వడపోత లేని ప్రజా మాధ్యమం ఎన్నడూ లేదు. కోయ డోలీలు పడిగెలు ఎత్తి గోత్రాల కథ, సమ్మక్క సారలమ్మల కథ చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ కథను కోయలోనూ తెలుగులోనూ గానం చేసేవాడు. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశాడు. డోలీ తప్పు పాడితే ఎదుట కూర్చున్న ముసలివాళ్ళు ఊరుకోరు. ఎవరి కథ అన్నది వాళ్ళకు తెలుసు గనుక ఆ నియంత్రణకు అధికారం ఉంది. పద్మశ్రీ ఇచ్చిన రాజ్యమే ఆయన భాషను షెడ్యూలులో పెట్టలేదు. కళగా కోయ మాట గౌరవనీయం, ఫిర్యాదుగా చెల్లదు.

ఇప్పుడు యంత్రానికి ఈ భాషలు నేర్పుతామంటున్నారు. గోండీ, హిందీల మధ్య యంత్రానువాదానికి సీజీనెట్ స్వరతో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం, నయా రాయపూర్ ట్రిపుల్ ఐటీ కలిసి పనిచేశాయి. కొందరు మిత్రులు దీన్ని చూసి కోయకు కూడా విముక్తి వచ్చిందన్నట్టు సంబరపడుతున్నారు. నేను అంత తొందరపడను. ఫిర్యాదు అర్థం చేసుకోగల యంత్రం సంభాషణ కూడా అర్థం చేసుకుంటుంది. దశాబ్దాలుగా పోలీసు శిబిరాల మధ్య బతికిన సరిహద్దులో, పైవాడికి తెలియని భాష ఒక చాటు కూడా. అందుచేత నేర్పవద్దని కాదు. ఆ గొంతుల్ని ఎవరు రికార్డు చేస్తున్నారు, ఎవరి దగ్గర ఉంచుతున్నారు, వద్దంటే చెరిపేస్తారా అని అడిగి, జవాబును కోయలో చెప్పించుకున్న పరిశోధన ఒక్కటి వస్తే, దాని మీద ఈ పత్రికలో మొదటి సమీక్ష నేనే రాస్తాను.