తీగ మీద చరుపు

హాలు నిండా జనం, వేదిక మీద పదిహేను మంది వాద్యగాళ్లు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్స్ హోరెత్తిస్తుంటే, ఆంప్లిఫైయర్ లేని డబుల్ బేస్ ఎవరికి వినబడుతుంది? న్యూ ఆర్లియన్స్ వాద్యకారులు దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టారు. పేగుతో చేసిన తీగను వేలితో పైకి లాగి వదిలితే, అది తిరిగొచ్చి కింది చెక్కపట్టీని ఠప్పున కొడుతుంది. వెంటనే అరచేత్తో తీగల మీద చరిస్తే రెండో చప్పుడు. స్వరమూ తాళమూ ఒకే చేతిలోంచి వస్తాయి. రెండు స్వరాల నడుమ ఎన్ని చరుపులు పడతాయన్నదే నేర్పు. మూడు పడేసరికి వేలు, మణికట్టు, తాళం ఒక్క లెక్కలో ఉండాలి.

ఈ విద్యలో ఆరితేరిన మిల్ట్ హింటన్ మొదలుపెట్టింది వయొలిన్‌తో. 1910లో మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, చికాగోలో పెరిగారు. అమ్మమ్మ బానిసగా పుట్టిన మనిషి. అప్పట్లో నల్లజాతి వయొలిన్ కళాకారులకు దొరికే కొలువు మూకీ సినిమా హాళ్లలోనే. టాకీలు రావడంతో అదీ పోయింది. సింఫనీ ఆర్కెస్ట్రాలేమో వాళ్లను గుమ్మం తొక్కనివ్వలేదు. అలా ఆయన బేస్ పట్టుకున్నారు. జాజ్‌కు మాత్రం మేలే జరిగింది.

1936లో గాయకుడు క్యాబ్ క్యాలవే నడిపిన జాజ్ బృందంలో చేరి 1951 దాకా ఉన్నారు. 1939లో రికార్డయిన ‘ప్లకిన్ ద బేస్’లో వెనక ఉండే వాద్యం ముందుకొచ్చింది. చరుపుల వేగం వినాలంటే అదే వినాలి. అదే ఏడాది బృందంలోకి ట్రంపెట్ వాద్యగాడు డిజీ గిలెస్పీ వచ్చాడు, వయసులో చిన్నవాడు. న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్‌లో ఆటకూ ఆటకూ మధ్య ఇద్దరూ డాబా ఎక్కేవారు. గిలెస్పీ కొత్త కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరసలు చూపిస్తే హింటన్ బేస్ మీద పట్టుకునేవారు. పేరున్న విద్వాంసుడు ఓ కుర్రాడి దగ్గర అంత నిగర్వంగా నేర్చుకోవడం అరుదు.

గిలెస్పీ లాంటివాళ్ల ఆ కొత్త తరహా సంగీతం ప్రబలాక చరుపును గారడీ కింద జమకట్టారు. నాకది అన్యాయమనిపిస్తుంది. మైకు చేయాల్సిన పని అన్నాళ్లూ చేసింది ఆ చెయ్యే కదా. ఆయన మాత్రం చరుపును వదల్లేదు, కొత్తదాన్నీ కాదనలేదు. బార్‌కు, అంటే ఒక్కో తాళావర్తానికి, నాలుగు స్వరాల చొప్పున ఒక కార్డు నుంచి మరోదానికి నడిపించే వాకింగ్ బేస్‌లో, తర్వాతి కార్డును ముందే సూచించే స్వరం ఎంచుకోవడంలోనే తెలివంతా ఉంటుంది. ఆ తెలివి వల్లే న్యూయార్క్ స్టూడియోల్లో ఎవరి పాటకైనా ఆయన్నే పిలిచేవారు.

ఆయన చేతిలో కెమెరా కూడా ఉండేది. సుమారు అరవై వేల ఫోటోలు తీశారు. అమెరికా దక్షిణాదిన రైల్వే స్టేషన్లలో జాతివివక్ష బోర్డుల కింద నిలబడిన తోటి వాద్యగాళ్లు వాటిలో కనిపిస్తారు.

1989లో ‘ట్రయో జీపీ’ ఆల్బం వచ్చింది. శాక్సోఫోన్ వాయించిన బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్‌కు, హింటన్‌కు యాభై ఏళ్ల తేడా. పియానో లేదు, గిటార్ లేదు. చాలా పాటల్లో కార్డుల భారమంతా మోసింది, రికార్డింగ్ నాటికి డెబ్బై ఏడేళ్లున్న హింటనే.